ప్రాథమిక వైద్య వ్యవస్థ - దాని సంస్కరణ : పాతనగర దృష్టితో ఒక పరిశీలన

ఆరోగ్యమే మహాభాగ్యమని తెలుగులో ఒక నానుడి కలదు. తందురుస్తీ హజార్ నేమత్ హై అని ఉర్దూలో ఒక సామెత కలదు. మన కళాశాలలో చదువు ప్రతి విద్యార్థియు ఈ రెంటిలో ఒకదానినైనను చిన్ననాటనే ఇంటిలో వినియుండును. ఒకటి ఆరోగ్యమును భాగ్యమన్నది. రెండవది వేయి వరములకు సమానమన్నది. అయితే ఆ భాగ్యమును కాపాడు బాధ్యత ఎవరిది అను ప్రశ్నకు ఈ రెండు సామెతలలోను సమాధానము లేదు. పూర్వకాలమున అది కుటుంబము యొక్క భారముగను, దాతల దయగను ఉండెను. ఇరువదవ శతాబ్దమున అది ప్రభుత్వము యొక్క విధిగ గుర్తింపబడినది. ఆ విధి మన దేశమున ఏ మార్గమున నడచినది, మన నగరమునకు వచ్చుసరికి ఎచ్చట ఆగినది, దానిని ఎట్లు సరిదిద్దవలెను అను విషయములను ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి.

ప్రాథమికము అనగా నేమి?

మొదట ఒక పదమును గూర్చి చెప్పవలసియున్నది. ప్రాథమిక పాఠశాల, ప్రాథమిక విద్య అను మాటలు మనకు బాగుగ అలవాటైనవి. ఆ అలవాటు వలన 'ప్రాథమిక' అనగానే చిన్నది, తక్కువ స్థాయిది, పెద్దది దొరకనివారికి సరిపెట్టునది అను భావము మనసున కలుగుచున్నది. ఇది పొరపాటు. ప్రథమము అనగా మొదటిది. రోగి మొట్టమొదట తట్టవలసిన తలుపు ఏదియో అదియే ప్రాథమిక వైద్యము. ఇంటికి గుమ్మమెట్లో వైద్య వ్యవస్థకు ఇది అట్టిది. గుమ్మము లేని ఇంటిలో ఎన్ని గదులున్నను లోపలికి పోవుట ఎట్లు?

ప్రాథమిక ఆరోగ్య కేంద్రమను భావనను స్పష్టముగ చెప్పినది 1920లో ఇంగ్లాండులో వెలువడిన డాసన్ నివేదిక. ఊరికి దగ్గరలో సామాన్య వైద్యులు పనిచేయు కేంద్రము, దానిపైన నిపుణులుండు మరియొక కేంద్రము, ఆపైన బోధనాసుపత్రి, ఈ మూడును ఒకదానితో నొకటి కలిసి పనిచేయవలెనని ఆ నివేదిక సూచించినది. తరువాత 1978 సెప్టెంబరులో, నాటి సోవియట్ యూనియన్‌లోని ఆల్మా ఆటా నగరమున ప్రపంచ ఆరోగ్య సంస్థయు, యునిసెఫ్‌యు కలసి జరిపిన మహాసభ ఈ భావమును విస్తరింపజేసినది. ఆరోగ్య బోధన, పోషకాహారము, మంచినీరు, పారిశుద్ధ్యము, తల్లీబిడ్డల సంరక్షణ, టీకాలు, స్థానిక వ్యాధుల నివారణ, సామాన్య రుగ్మతలకు చికిత్స, అత్యవసరమైన మందులు, ఇవన్నియు ప్రాథమిక ఆరోగ్య సంరక్షణలో భాగములేయని ఆ సభ ప్రకటించినది. 2000 సంవత్సరము నాటికి అందరికీ ఆరోగ్యము అను లక్ష్యమును అంగీకరించిన దేశములలో మన దేశము గూడ కలదు. ఈ జాబితాలో మందుసీసాకు ముందు మంచినీటి కుళాయి ఉన్నదని విద్యార్థులు గమనింపవలెను.

భోర్ కమిటీ నుండి నేటి వరకు

మన దేశమున ఈ ఆలోచన ఆల్మా ఆటాకు ముందే పుట్టినది. 1943లో సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1946లో తన నివేదికను సమర్పించినది. రుసుము చెల్లింపలేనందున ఎవరికిని వైద్యము అందకపోరాదు అనునది దాని మూలసూత్రము. తక్షణ కార్యక్రమముగ 40,000 మంది జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమును, అందు ఇద్దరు వైద్యులను, నర్సులను, మంత్రసానులను, పారిశుద్ధ్య తనిఖీదారులను నియమింపవలెనని అది సూచించినది. దీర్ఘకాల ప్రణాళికలో పదివేల నుండి ఇరువదివేల మందికి 75 పడకల ఆసుపత్రి ఒకటి ఉండవలెనని కోరినది. స్వాతంత్ర్యము రాకముందే ఇంతటి దూరదృష్టితో వ్రాయబడిన ఈ నివేదిక నేటికిని చదువదగినది.

1952లో సామాజిక వికాస పథకముతో పాటు ఈ కేంద్రముల స్థాపన ఆరంభమైనది. కాని ఒక్కొక్క కేంద్రము కమిటీ కోరిన జనాభా కంటె ఎంతో ఎక్కువ జనాభాను మోయవలసివచ్చినది. కర్నూలులో జన్మించిన డాక్టర్ ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు భోర్ కమిటీలో సభ్యులుగ నుండి, తరువాత స్వయముగ మరియొక కమిటీకి అధ్యక్షత వహించిరి. క్రొత్త కేంద్రములను తెరచుటకు ముందు ఉన్నవానిని బలపరుపుడని 1962 నాటి ఆ కమిటీ సలహా. ఈ సలహాను మనము ఈ వ్యాసాంతమున మరల జ్ఞప్తికి తెచ్చుకొనవలసియుండును. 1973లో కర్తార్ సింగ్ కమిటీ, ఒక్కొక్క రోగమునకు ఒక్కొక్క ఉద్యోగి అను పద్ధతిని మార్చి బహుళార్థ కార్యకర్తలను సూచించినది. 1983లో తొలి జాతీయ ఆరోగ్య విధానము వెలువడినది. మైదాన ప్రాంతమున 5,000 మందికి ఒక ఉపకేంద్రము, 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రము, 1,20,000 మందికి ఒక సామాజిక ఆరోగ్య కేంద్రము అను కొలతలు స్థిరపడినవి. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చి, ఇంచుమించు వేయిమంది గ్రామస్థులకు ఒక ఆశా కార్యకర్తను ఇచ్చినది.

ఈ చరిత్రలో ఒక మాట పదే పదే వినవచ్చుచున్నది. అది గ్రామము. దేశ జనాభాలో అత్యధికులు పల్లెలలో నున్న కాలమున ఇది న్యాయమే. కాని దీని ఫలితము నగరములోని బీదవానికి ఏమైనదో చూడవలెను.

పల్లె లేని జిల్లా

హైదరాబాదు జిల్లాలో పల్లె లేదు. జిల్లా యంతయు నగరమే. కావున గ్రామమును ఆధారముగ చేసికొని నిర్మింపబడిన వ్యవస్థ ఇచ్చటి ప్రజలకు సహజముగనే అందలేదు. దానికి బదులుగ మన నగరమునకు పెద్ద ఆసుపత్రులు లభించినవి. 1846లో ఇచ్చట వైద్య పాఠశాల ఆరంభమైనది. అఫ్జల్‌గంజ్‌లోని పాత ఆసుపత్రి 1908 సెప్టెంబరు నాటి మూసీ వరదలో కొట్టుకొనిపోగా, ఆ ప్రాంతముననే మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలమున, విన్సెంట్ ఎష్ అను శిల్పి నమూనాపై ఉస్మానియా ఆసుపత్రి నిర్మింపబడి 1925 నాటికి పూర్తియైనది. చార్మినారు ప్రక్కన యునానీ వైద్యమునకు నిజామియా ఆసుపత్రి వెలసినది. పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రి, నీలోఫరు శిశువుల ఆసుపత్రి, నల్లకుంట జ్వరాల ఆసుపత్రి తరువాతి కాలమున ప్రజలకు ఆధారములైనవి.

అయితే ఈ నగరము ఆసుపత్రులతోనే ఆరోగ్యమును పొందలేదు. 1911లో ప్లేగు వ్యాధి వ్యాపించిన పిమ్మట 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి, గాలి వెలుతురు లేని ఇరుకు వాడలను తొలగించి విశాలమైన వీధులను, క్రొత్త ఇండ్లను నిర్మించినది. వరదల పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యను నిజాము ప్రభుత్వము ఆహ్వానించినది. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తియై, వరదను ఆపుటయే గాక త్రాగునీటిని గూడ ఇచ్చినవి. వైద్యుడు కాని ఒక ఇంజనీరు ఎందరి ప్రాణములను కాపాడెనో లెక్కింపజాలము. ఆల్మా ఆటా సభ 1978లో చెప్పిన మాటను మన నగరము అర్ధశతాబ్దమునకు ముందే ఆచరణలో చూపినది.

నగర బస్తీలకు ప్రాథమిక వైద్యమును చేర్చు ప్రయత్నములు ఆలస్యముగ ఆరంభమైనవి. 1990 దశకములో ప్రపంచ బ్యాంకు సహాయముతో నడచిన ఎనిమిదవ జనాభా పథకము క్రింద హైదరాబాదు బస్తీలలో పట్టణ ఆరోగ్య కేంద్రములు వెలసినవి. 2013లో జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ ఆమోదింపబడి, 50,000 మందికి ఒక పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రము, 200 నుండి 500 ఇండ్లకు ఒక ఆశా కార్యకర్త అను కొలతను పెట్టినది. గ్రామమునకు 2005లో వచ్చినది నగరమునకు వచ్చుటకు ఎనిమిదేండ్లు పట్టినది. 2018 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వము హైదరాబాదులో బస్తీ దవాఖానాలను ప్రారంభించినది. ఒక వైద్యుడు, ఒక నర్సు, ఒక సహాయకుడు, ఉచితముగ మందులు, రక్తపరీక్షకు నమూనాలు తీసి కేంద్ర ప్రయోగశాలకు పంపు ఏర్పాటు, ఇదియే దాని స్వరూపము. అదే సంవత్సరమున కేంద్ర ప్రభుత్వము ఆయుష్మాన్ భారత్ పథకము క్రింద దేశమున లక్షా యాభైవేల ఆరోగ్య కేంద్రముల నేర్పరచునట్లు ప్రకటించినది.

తెలుగు ఉపన్యాసకులమైన మాకు బస్తీ దవాఖానా అను పేరు ముచ్చట గొలుపుచున్నది. దవా అరబ్బీ పదము, ఖానా పారసీ పదము. వానిపై తెలుగు విభక్తులు చేరి దవాఖానాకు, దవాఖానాలో అని తెలంగాణమంతటను ఇంటింటి మాటగ మారినవి. రోగికి ఏ మాట దగ్గరగ నున్నదో ఆ మాటతో వచ్చిన వైద్యము సగము భయమును పోగొట్టును.

ఎచ్చట లోపమున్నది?

ఇన్ని ఏర్పాట్లున్నను పాతనగరములోని సామాన్యుడు జ్వరము వచ్చిన ఏమి చేయుచున్నాడు? గల్లీ చివర నున్న ఆర్.ఎం.పి. యొద్దకో, మందుల దుకాణమునకో పోయి ఒక సూది, నాలుగు గోలీలు తీసికొనుచున్నాడు. నయము కాకపోయిన నేరుగ ఉస్మానియాకు పోయి ఓ.పి. చీటీ కొరకు వరుసలో నిలుచుచున్నాడు. మధ్యనున్న మెట్టు మాత్రము అతని కంటికి ఆనుట లేదు. దీనికి అతనిని నిందించుట తగదు. కారణములను వెదకవలెను.

మొదటి కారణము వేళ. లాడ్‌బజారులో కుంపటి యొద్ద లక్కగాజులు చేయు కార్మికుడును, ఇంటిలో కూర్చుండి జరీ పని చేయు స్త్రీయు, ఆటో నడుపు యువకుడును పగటిపూట పని మానినచో ఆనాటి కూలి పోవును. ఉచిత వైద్యమునకు అతడు చెల్లించు రుసుము ఆ కూలియే. పగలు మాత్రమే తెరచియుండు కేంద్రము అతనికి మూసియున్న కేంద్రముతో సమానము.

రెండవది కాలము మారిన రీతి. ఈ వ్యవస్థ ఏర్పడిన నాటికి ముఖ్య శత్రువులు మశూచి, మలేరియా, కలరా, ప్రసూతి మరణములు. నేడు రక్తపోటు, మధుమేహము వానికి తోడైనవి. ఇవి ఒక సూదితో పోవునవి కావు. ఏండ్ల తరబడి ప్రతిదినము మాత్ర వేసికొనవలెను. ప్రతినెల కొలత చూపించుకొనవలెను. నొప్పి లేని రోగమునకు మందు మానుట సులభము. మానినవాడు కొన్నేండ్లకు పక్షవాతముతోనో, మూత్రపిండములు చెడియో పెద్దాసుపత్రికి చేరును.

మూడవది ధనము ప్రవహించు దిశ. 2007లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆరోగ్యశ్రీని ప్రవేశపెట్టినది. గుండె శస్త్రచికిత్సలు, క్యాన్సరు చికిత్స, డయాలిసిస్ మొదలగునవి బీదలకు అందుబాటులోనికి వచ్చినవి. ఇది ఎందరినో అప్పుల నుండి కాపాడినది. 2023 డిసెంబరులో తెలంగాణములో దాని పరిమితి పది లక్షలకు పెంచబడినది. కాని ఇది ప్రధానముగ ఆసుపత్రిలో చేరినవారికి వర్తించునది. మూత్రపిండములు చెడిన తరువాత డయాలిసిస్‌కు చెల్లించు వ్యవస్థ, అవి చెడకుండ కాపాడు రక్తపోటు మాత్రను ప్రతినెల అందజేయుటలో అంతే శ్రద్ధ చూపవలదా? 2017 నాటి జాతీయ ఆరోగ్య విధానము, ప్రభుత్వ ఆరోగ్య వ్యయము 2025 నాటికి జాతీయోత్పత్తిలో 2.5 శాతమునకు చేరవలెననియు, అందు మూడింట రెండు వంతులు ప్రాథమిక వైద్యమునకు పోవలెననియు చెప్పినది. 2021-22 లెక్కల ప్రకారము ఆ వ్యయము 1.84 శాతము మాత్రమే. అదే సంవత్సరమున దేశములోని మొత్తము ఆరోగ్య వ్యయములో 39.4 శాతము ప్రజలు తమ జేబులనుండి చెల్లించినదే. 2013-14లో నున్న 64.2 శాతము నుండి ఇది తగ్గినదను మాట నిజమే. అయినను వంద రూపాయలలో దాదాపు నలుబది రూపాయలు ఇంకను రోగి కుటుంబముపైననే పడుచున్నవి.

నాలుగవది నివారణలో సడలింపు. డిఫ్తీరియా అను కంఠవ్యాధి టీకాతో పూర్తిగ నివారింపదగినది. అయినను 2000 తరువాతి సంవత్సరములలో గూడ ఆ వ్యాధితో పిల్లలు నల్లకుంట ఆసుపత్రికి వచ్చుచునే యుండిరి. పసితనమున 6, 10, 14 వారములలో వేయు మూడు మోతాదులతో పని ముగియదు. ఏడాదిన్నర వయస్సున, అయిదారేండ్లకు, పదవ ఏట, పదునారవ ఏట మరల వేయింపవలెను. మొదటి మోతాదులను తల్లి మరువదు; చివరి మోతాదులను గుర్తుచేయువారు లేరు. గుర్తుచేయుట ఆసుపత్రి పని కాదు. ఇంటింటికి పోవు కార్యకర్త పని.

ఇతర దేశముల అనుభవము

బ్రిటన్‌లో 1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవ ప్రారంభమైనది. అచ్చట ప్రతి వ్యక్తియు తనకు సమీపమున నున్న సామాన్య వైద్యుని జాబితాలో పేరు నమోదు చేసికొనును. అత్యవసరము కాని సందర్భములలో ఆ వైద్యుని లేఖ లేనిదే నిపుణుని యొద్దకు పోవుట సాధారణముగ జరుగదు. బ్రెజిల్ దేశము 1994లో కుటుంబ ఆరోగ్య కార్యక్రమమును ఆరంభించినది. ఒక వైద్యుడు, నర్సు, సహాయకుడు, అదే పేటకు చెందిన కొందరు ఆరోగ్య కార్యకర్తలు ఒక జట్టుగ ఏర్పడి, తమకు అప్పగింపబడిన కుటుంబములను ఇంటికే పోయి పరామర్శింతురు. థాయిలాండు 2002 నాటికి దేశప్రజలందరిని ఆరోగ్య రక్షణ క్రిందికి తెచ్చి, సమీప ప్రాథమిక కేంద్రమునే వారి మొదటి తలుపుగ చేసినది.

ఈ మూడు దేశముల ధనస్థితి వేరు, చరిత్ర వేరు. కాని ఒక విషయమున అవి ఏకీభవించినవి. రోగి వచ్చిన నాడు చూచుట చాలదు. రాకముందే అతడు ఎవరి బాధ్యతయో తెలిసియుండవలెను.

కావలసిన సంస్కరణలు

పై పరిశీలనను బట్టి మాకు తోచిన సంస్కరణలను క్రమముగ చెప్పుచున్నాము.

మొదటిది, ప్రతి బస్తీ కుటుంబము ఒక నిర్ణీత కేంద్రమున నమోదు కావలెను. అట్లు నమోదైన కుటుంబములో ఎవరికి రక్తపోటున్నది, ఏ బిడ్డకు ఏ టీకా మిగిలియున్నది, ఏ స్త్రీ గర్భవతి అను వివరము ఆ కేంద్రమున ఉండవలెను. క్షయరోగి ఆరు నెలల చికిత్సను నడుమ మానకుండ చూచుట అప్పుడే సాధ్యము.

రెండవది, వేళలు కూలివాని గడియారమును బట్టి ఉండవలెను. వారమున కొన్ని దినములైనను రాత్రి తొమ్మిది వరకు కేంద్రములు తెరచియున్నచో వాని ఉపయోగము హెచ్చును.

మూడవది, మందుల సరఫరా తెగిపోరాదు. దీర్ఘరోగి రెండుసార్లు వట్టిచేతులతో తిరిగిపోయిన మూడవసారి రాడు. నమ్మకము ఒక్కసారి చెడిన దానిని తిరిగి కట్టుటకు ఏండ్లు పట్టును.

నాలుగవది, లేఖకు ప్రత్యుత్తర ముండవలెను. దవాఖానా వైద్యుడు రోగిని పెద్దాసుపత్రికి పంపినచో, అచ్చట జరిగిన చికిత్స యొక్క వివరము అతనికి తిరిగి అందవలెను. లేనిచో పంపుట అనునది వదిలించుకొనుటయే యగును.

అయిదవది, పారిశుద్ధ్యము, నీరు, వైద్యము చూచు శాఖలు వార్డు స్థాయిలో కలసి కూర్చుండవలెను. మురుగునీరు మంచినీటి గొట్టములో కలసిన గల్లీలో ఎన్ని విరేచనాల మాత్రలు పంచినను ప్రయోజనము లేదు. 2020 జూలైలో ఉస్మానియా ఆసుపత్రి పాత భవనములోనికే వాననీరు, మురుగునీరు చొరబడగా రోగులను అందుండి తరలింపవలసివచ్చినది. ఆసుపత్రికి క్రొత్త భవనము కొరకు 2025 జనవరిలో గోషామహల్‌లో శంకుస్థాపన జరిగినది. మంచిదే. అంతటి శ్రద్ధ ఆ ఆసుపత్రికి పోవలసిన అవసరమును తగ్గించు చిన్న దవాఖానాలపై గూడ ఉండవలెను.

ఇచ్చట ఒక ఆక్షేపణకు సమాధానము చెప్పవలసియున్నది. చిన్న కేంద్రము చీటీ లేనిదే పెద్దాసుపత్రిలో చూడరాదని నియమము పెట్టినచో రద్దీ వెంటనే తగ్గును గదా యని కొందరు వాదింతురు. బ్రిటన్ పద్ధతి ఇదే కదా యని చూపుదురు. కాని మొదటి మెట్టు బలహీనముగ నున్నపుడు ఇట్టి నియమము బీదవానికి తలుపు మూయుటయే యగును. ధనవంతుడు ప్రైవేటు ఆసుపత్రికి పోవును, కష్టము బీదవానిదే. ముందు ఉన్నదానిని బలపరుపుడన్న మొదలియారు కమిటీ సలహా ఇచ్చట శిరోధార్యము. దగ్గరి కేంద్రము మంచిదైనచో ప్రజలు నియమము లేకయే అచ్చటికి పోవుదురు. ముందు నమ్మకము, తరువాతనే నియమము.

మన కర్తవ్యము

ఇవన్నియు ప్రభుత్వము చేయవలసినవి, మేమేమి చేయగలమని విద్యార్థులు అడుగవచ్చును. మన కళాశాలకు ఒక ప్రత్యేకత కలదు. ఇచ్చట తెలుగు, ఉర్దూ రెండును వచ్చినవారు తరగతి గదినిండ ఉన్నారు. దవాఖానాలో ఆరోగ్య పట్టిక తెలుగులోనో ఆంగ్లములోనో ఉండును. దానిని తీసికొనిపోవు తల్లికి ఉర్దూ మాత్రమే వచ్చియుండవచ్చును. రోజుకు రెండు అన్నది పూటకు రెండుగ మారినచో మందే విషమగును. నిజాము కాలమున ఉస్మానియా విశ్వవిద్యాలయములో వైద్యశాస్త్రమును సైతము ఉర్దూలో బోధించిరి. అనువాద శాఖ నొకటి నెలకొల్పి శాస్త్రగ్రంథములను తర్జుమా చేయించిరి. అంతటి చరిత్రగల నగరమున ఒక మందుచీటీని రోగికి తెలియు భాషలో చెప్పలేకపోవుట సిగ్గుచేటు.

కావున కళాశాల కార్యవర్గము వారికి మా విన్నపము ఒకటి. జాతీయ సేవా పథకము విద్యార్థులు ప్రతి సంవత్సరము ఒక మొహల్లాను ఎన్నుకొని, అచ్చటి కుటుంబములలో పదేండ్లు, పదునారేండ్లు నిండిన పిల్లలలో టీకా మిగిలినవారి పట్టికను సమీప దవాఖానాకు అందజేయునట్లు అనుమతింపవలెను. అట్లే మందు వేసికొను వేళలను సూర్యుడు, చంద్రుడు బొమ్మలతో, రెండు లిపులలో ముద్రించిన చిన్న పత్రము నొకదానిని మన తెలుగు, ఉర్దూ శాఖలు కలసి తయారుచేసి, వైద్యులచే సరిచూపించి పంచవచ్చును. దీనికి ఎక్కువ ధనము అవసరము లేదు, శ్రద్ధ చాలును.

జాతీయ వ్యవస్థ యొక్క సంస్కరణ రాజధానిలో చట్టముగ పుట్టవచ్చును. కాని అది నిలుచునది, నిలువనిది గల్లీలోనే తేలును. ఒక వృద్ధుడు తన మాత్రను సరిగ వేసికొనుటయు, పదునారేండ్ల పిల్ల తన చివరి టీకాను వేయించుకొనుటయు చూచుటకు చిన్న పనులే. భోర్ కమిటీ వారు 1946లో కోరినది ఇట్టి చిన్న పనులు దేశమంతట, ప్రతి ఇంట, తప్పక జరుగవలెననియే. ఆ కోరిక మన బస్తీలలో నెరవేరుటకు మన విద్యార్థుల చదువు కొంతయైనను తోడ్పడవలెనని ఆశించుచున్నాము.